గోధుమ పడని ఒళ్లు, రాలిన మీసం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ‘ఏ విషయం మీదైనా మాట్లాడు, పంపులూ బాయిలర్లూ మాత్రం వద్దు’ అన్నారు. అందుకని నా ఒంటి గురించే మాట్లాడతాను. పొద్దున్నుంచీ నన్ను చూసిన వాళ్లలో సగం మంది ‘తిరుపతి వెళ్లొచ్చావా?’ అని అడిగారు. మిగతా సగం మంది ఏమీ అడగలేదు. నున్నటి తల, లేని మీసం చూసి, చెయ్యి పట్టుకుని మౌనంగా నిలబడ్డారు. మా అమ్మ క్షేమంగా ఉంది. నేను మొక్కూ తీర్చుకోలేదు, కర్మా చేయలేదు. నాకు సీలియాక్ అనే జబ్బు ఉంది. అది ఉండగా ఏడో ఏట జుట్టు ఊడటం మొదలైంది. ఎందుకు ఊడిందో పూర్తిగా ఎవరూ చెప్పలేకపోయారు. ఈ రెండేళ్లలో నేను తెలుసుకున్నది మీలో ఎవరింట్లోనైనా పనికొస్తుందేమోనని చెబుతున్నాను. నేను డాక్టర్ని కాదు. మన సంఘంలో డాక్టర్లు చాలామంది ఉన్నారు, నా మాటల్లో తేడా ఉంటే ఇక్కడే సరిదిద్దండి.

ముందు జబ్బు సంగతి. మైదా పిండిని ముద్దగా కలిపి, కుళాయి కింద పట్టుకుని పిసుకుతూ కడగండి. తెల్లటి నీళ్లుగా పిండిపదార్థం అంతా పోతుంది. చేతిలో రబ్బరులా సాగే ముద్ద ఒకటి మిగులుతుంది. దాని పేరు గ్లూటెన్. లాటిన్‌లో ఆ మాటకు జిగురు అని అర్థం. చపాతీ సాగడానికీ, బ్రెడ్డు పొంగడానికీ అదే ఆధారం. గోధుమలో ఉంటుంది. అలాంటి ప్రొటీన్లే బార్లీలో, రైలో ఉంటాయి. సీలియాక్ ఉన్నవాళ్ల ఒళ్లు దాన్ని చూసి పొరబడి, తన పేగు మీద తానే దాడి చేసుకుంటుంది. ఇది అజీర్తి కాదు, ఎలర్జీ అంతకన్నా కాదు. వంశపారంపర్యంగా వచ్చే గుణం ఉన్నవాళ్లలో, గ్లూటెన్ తింటే మొదలయ్యే ఆటో ఇమ్యూన్ జబ్బు.

చిన్న పేగు లోపలి గోడ మీద వేళ్లలా ఉండే చూషకాల బొమ్మ మనం ఈ బడిలోనే గీశాం. వాటి పని నాకు ఇంజనీరింగులోకి వచ్చాక ఇంకా బాగా అర్థమైంది. రేడియేటరుకు రెక్కలు ఎందుకు పెడతాం? వైశాల్యం కోసం. సీలియాక్‌లో ఆ రెక్కలు అరిగి చదునైపోతాయి. గొట్టంలో నీరు పారుతూనే ఉంటుంది, వేడి మాత్రం మారదు. అలాగే మనిషి తింటూనే ఉంటాడు, ఒంటికి పట్టదు. అందులోనూ దెబ్బ ఎక్కువగా తగిలేది పేగు మొదటి భాగానికి. ఇనుము ఒంట్లోకి వెళ్లే ప్రధాన ద్వారం అదే. అందుకే చాలామందిలో ఈ జబ్బు విరేచనాల రూపంలో కాకుండా రక్తహీనత రూపంలో బయటపడుతుంది.

గోధుమే కారణమని తేలిన కథ ఆసక్తిగా ఉంటుంది. డికె అనే డచ్చి పిల్లల డాక్టరుకు రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నుంచే గోధుమ మీద అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో హాలండులో భయంకరమైన కరువు వచ్చింది. బ్రెడ్డు దొరకలేదు. ఊరంతా చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. బ్రెడ్డు మళ్లీ రాగానే వాళ్లకు జబ్బు తిరగబెట్టింది. ఆయన పరిశోధన గ్రంథం 1950లో వచ్చింది. ఈనాటికీ చికిత్స అదే: గ్లూటెన్ మానేయడం, జీవితాంతం.

మన దేశం సంగతి ఇంకా ఆలోచించదగ్గది. ఉత్తరాదిలో, ఈశాన్యంలో, దక్షిణాదిలో 23 వేల మందికి పైగా పెద్దవాళ్ల రక్తం పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. సీలియాక్‌ను సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో, దక్షిణాదిలో 0.10 శాతం మందిలో కనిపించాయి. పన్నెండు రెట్ల తేడా. మరి జన్యువుల్లో తేడా ఉందా అంటే, దాదాపు లేదు. ఆ గుణం రెండు చోట్లా మూడో వంతుకు పైగా జనంలో ఉంది. తేడా కంచంలో ఉంది. ఉత్తరాదిలో మనిషికి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ, దక్షిణాదిలో 25 గ్రాములు. తుపాకీలో తూటా మనకూ ఉంది, మీట నొక్కేది తక్కువ.

నా విషయంలో అదే జరిగిందనుకుంటాను. అన్నం, పప్పు, చారుతో పెరిగినవాణ్ణి. హర్యానాలో ఒక ప్రాజెక్టు మీద పదకొండేళ్లు ఉన్నాను. మూడు పూటలా రొట్టె. నలభై నాలుగో ఏట మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. హిమోగ్లోబిన్ ఎనిమిది. ఏడాదిపాటు ఇనుము మాత్రలు మింగినా తొమ్మిది దాటలేదు. అక్కడి డాక్టరు ఒకాయన, ‘మాత్ర పనిచేయడం లేదంటే మాత్రను కాదు, పేగును అనుమానించాలి’ అని టీటీజీ పరీక్ష రాశారు. తర్వాత ఎండోస్కోపీలో చిన్న ముక్క తీసి చూశారు. రెక్కలు అరిగిపోయాయి. గోధుమ మానేశాను. ఏడాదిలో హిమోగ్లోబిన్ పదమూడుకు వచ్చింది. తర్వాత హైదరాబాదు వచ్చేశాను. ఆరేళ్లు హాయిగా గడిచాయి.

యాభై ఒకటో ఏట ఒక ఆదివారం గడ్డం గీసుకుంటుంటే దవడ మీద రూపాయి బిళ్లంత నున్నటి చోటు కనిపించింది. నెలలో మీసం సగం పోయింది. తర్వాత తల మీద మూడు చోట్ల, ఆ తర్వాత కనుబొమ్మ. దీన్నే మన వాళ్లు పేనుకొరుకుడు అంటారు. పేరు మాత్రమే అది, దానికీ పేనుకీ ఏ సంబంధమూ లేదు. ఇదీ ఆటో ఇమ్యూన్ జబ్బే. ఒళ్లు తన వెంట్రుక కుదుళ్ల మీద తానే దాడి చేస్తుంది. సీలియాక్‌కు ఒక విధంగా చెల్లెలు లాంటిది.

ఇక్కడ మన మైత్రీవనం గురించి రెండు మాటలు చెప్పాలి. మనలో చాలామంది ఆ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి పెరిగినవాళ్లమే. తర్వాత అదే చోట జావా, ఒరాకిల్, డాట్‌నెట్ బోర్డుల మధ్య ఆకాశం కనిపించకుండా పోయింది. రాష్ట్రం నలుమూలల నుంచీ పిల్లలు వచ్చి, హాస్టళ్లలో ఉండి, కోర్సులు చేసి, దేశదేశాలకు వెళ్లారు. 2017లో మెట్రో వచ్చాక మెట్ల మీంచి చూస్తే కోర్సుల బోర్డులతో పోటీగా జుట్టు బోర్డులు కనిపిస్తున్నాయి. ఊడిన జుట్టు మొలిపిస్తాం, నాటేస్తాం, వాయిదాల్లో కట్టొచ్చు. నేనూ ఒకచోటికి వెళ్లాను. పేరు అనవసరం. తెల్ల కోటు వేసుకున్న కుర్రాడు పది నిమిషాల్లో ఎన్ని కుదుళ్లు నాటాలో, ఎంతవుతుందో లెక్క వేసి ఇచ్చాడు. నాకున్న జబ్బేమిటని అడగలేదు. పేనుకొరుకుడు చురుగ్గా ఉన్నప్పుడు జుట్టు నాటితే, ఒళ్లు ఆ కొత్త కుదుళ్ల మీద కూడా దాడి చేయగలదు. ఈ సంగతి తర్వాత చర్మవ్యాధుల డాక్టరు గారు చెప్పారు.

ఆవిడ చేసిన మొదటి పని నన్ను కూర్చోబెట్టి జుట్టు లెక్క చెప్పడం. తల మీద దాదాపు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కో వెంట్రుకా రెండు నుంచి ఆరేళ్లు పెరుగుతుంది, నెలకు ఒక సెంటీమీటరు చొప్పున. తర్వాత మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలిపోతుంది. రోజుకు యాభై నుంచి వంద రాలడం మామూలే. ఒంటికి పెద్ద దెబ్బ ఏదైనా తగిలితే, డెంగీ, టైఫాయిడ్, కాన్పు, ఆపరేషన్, కఠినమైన ఉపవాసాలు, పెరిగే వెంట్రుకలు చాలావరకు ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్తాయి. రెండు మూడు నెలల తర్వాత అన్నీ కలిసి రాలతాయి. కాబట్టి ఇవాళ దువ్వెనలో కనిపించే జుట్టుకు కారణం ఇవాళ్టిది కాదు, రెండు మూడు నెలల కిందటిది. ప్లాంటులో మేం దీన్ని ఆలస్యం అంటాం. వాల్వు ఇప్పుడు తిప్పితే గేజి తర్వాత కదులుతుంది. మైత్రీవనం హాస్టళ్లలో పిల్లలంతా హైదరాబాదు నీళ్లను తిడతారు. ఉప్పునీళ్లు వెంట్రుకను గరుకు చేస్తాయి. కానీ కుదురుతో సహా గుప్పెళ్లుగా రాలుతుంటే మూడు నెలల వెనక్కి వెళ్లి, వచ్చిన జ్వరాన్నీ మానేసిన భోజనాన్నీ వెతకాలి.

సీలియాక్ ఉన్న మనిషికి జుట్టు ఊడితే వెతకాల్సిన దారులు నాలుగని ఆవిడ చెప్పారు. మొదటిది కొరత: ఇనుము, జింకు, విటమిన్ డి, బి12, ఫోలేటు. పేగు దెబ్బతిన్నప్పుడు ఇవి తగ్గుతాయి. అప్పుడు జుట్టు తలంతా పలచబడుతుంది. హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే చాలదు, నిల్వలో ఉన్న ఇనుము చెప్పే ఫెరిటిన్ చూడాలి. రెండోది తోబుట్టువు జబ్బు: థైరాయిడ్, పేనుకొరుకుడు. సీలియాక్ ఉన్నవాళ్లలో థైరాయిడ్ మీద ఆటో ఇమ్యూన్ దాడి మామూలుకన్నా ఎక్కువ. మూడోది తెలియకుండా కంచంలోకి వస్తున్న గ్లూటెన్. నాలుగోది అందరికీ వచ్చేదే: వయసు, వంశం, జ్వరాలు, మందులు. సీలియాక్ ఉంది కదా అని ప్రతి వెంట్రుకనూ దాని ఖాతాలో రాయకూడదు.

పరీక్షకు ముందు ఆవిడ ఇంకో మాట అడిగారు: ‘జుట్టు మాత్రలు ఏమైనా వాడుతున్నారా?’ చాలా వాటిలో బయోటిన్ భారీగా ఉంటుంది. అది థైరాయిడ్‌తో సహా కొన్ని రక్త పరీక్షల ఫలితాలను తప్పుదారి పట్టించగలదని 2017లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. కారణం వెతకడానికి రక్తం ఇస్తూ, జవాబును మార్చే మాత్ర మింగుతుండటం ఎంత విడ్డూరం!

నా ఫెరిటిన్ బాగుంది. థైరాయిడ్ బాగుంది. టీటీజీ మాత్రం హద్దుకు కొంచెం పైన ఉంది. అంటే ఎక్కడో గ్లూటెన్ కారుతోంది. లీకు వెతకడం నా వృత్తి. ఒక లాగ్ బుక్ పెట్టాను. నోట్లోకి వెళ్లే ప్రతిదీ రాశాను. ఉప్మా రవ్వ, సేమ్యా, పూరీ, బొబ్బట్లు, కాజా, ఉస్మానియా బిస్కట్టు నేనెప్పుడో మానేశాను. హలీంలో గోధుమ ఉంటుందని తెలుసు. మాల్ట్ పానీయాల్లో బార్లీ ఉంటుందనీ తెలుసు. కారుతున్నది రెండు చోట్ల. ఒకటి ఇంగువ. మనం కొనే డబ్బాల్లో చాలావాటిలో ఇంగువ కొంచెమే, మిగతాది గోధుమ పిండో మైదానో. పులిహోరలో, చారులో, పప్పులో రోజూ చిటికెడు. రెండోది గిర్నీ. జొన్నలు మనవే, శుభ్రం చేసి ఇచ్చినవే. కానీ గిర్నీలో మనకన్నా ముందు ఎవరిదో గోధుమ పట్టి ఉంటారు. ఆ రాళ్ల మధ్య మిగిలినది మన జొన్నపిండిలో కలుస్తుంది. మన దేశంలో గ్లూటెన్ లేనిదని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. కిలో పిండిలో 20 మిల్లీగ్రాములంటే కంటికి ఆనేది కాదు. ఇంట్లో చిన్న పిండి మర పెట్టుకున్నాం. బియ్యప్పిండి కలిపిన ఇంగువ వెతికి తెచ్చాం. ఎనిమిది నెలల్లో టీటీజీ మామూలుకు వచ్చింది.

ఇక్కడ కథ ముగిసి, జుట్టు మొలిచిందని చెబితే చప్పట్లు కొట్టేవారు. అలా జరగలేదు. తల మీద రెండు చోట్ల తెల్లటి నూగు వచ్చింది. సంతోషించాం. నాలుగు నెలలకు అదీ రాలిపోయింది, పక్కనున్నదీ పోయింది. పేగు నయమైంది, కుదుళ్లు కాలేదు. ‘ఎందుకు?’ అని అడిగితే డాక్టరు గారు నిజాయితీగా, ‘చెప్పలేను’ అన్నారు. 1995లో ఇటలీ వైద్యులు పేనుకొరుకుడు ఉన్న 256 మందిని వరసగా పరీక్షిస్తే ముగ్గురిలో సీలియాక్ బయటపడింది. అంటే 85 మందిలో ఒకరికి. రెండు జబ్బులకూ బంధుత్వం ఉందని మొదట చెప్పినవాళ్లు వాళ్లే. గోధుమ మానేశాక వాళ్లలో ఒకరికి జుట్టు పూర్తిగా వచ్చింది. ఆ ఒక్కరి కథ ఎంతోమందికి ఆశ పెడుతుంది, నాకూ పెట్టింది. కానీ బంధుత్వం ఉండటం వేరు, ఒకదానికి మందు వేస్తే రెండోది తగ్గడం వేరు. అదే లెక్కను తిరగేసి చూడండి: ఆ 256 మందిలో 253 మందికి సీలియాక్ లేదు. కాబట్టి జుట్టు ఊడుతోందని చపాతీ మానేయకండి. మన వైపు ఊడే జుట్టుకు చాలావరకు కారణం గోధుమ కాదు. నిజంగా అనుమానం ఉంటే గోధుమ తింటూనే టీటీజీ పరీక్ష చేయించుకోవాలి. ముందే మానేస్తే పరీక్షలో ఏమీ కనిపించదు, జబ్బు ఉన్నా దొరకదు.

మందుల విషయానికొస్తే, మచ్చల్లోకి స్టెరాయిడ్ సూదులు కొన్నాళ్లు వేయించుకున్నాను. తీవ్రంగా ఉన్నవాళ్లకు బారిసిటినిబ్ అనే మాత్రను 2022లో అమెరికాలో ఆమోదించారు. ఇన్‌ఫెక్షన్ల భయం, ఖర్చు, నా వయసు అన్నీ బేరీజు వేసుకుని నేను వద్దనుకున్నాను. ఇరవై ఏళ్ల పిల్ల అయితే నిర్ణయం వేరుగా ఉండొచ్చు. అది ఎవరికి వారు డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సింది.

జుట్టు పోతే ప్రాణం పోదని అందరూ ఓదారుస్తారు. నిజమే. అయినా ఒకటి చెప్పనివ్వండి. మన ఇళ్లలో కొడుకు మీసం తీస్తే దానికో అర్థం ఉంది. మీసం మొత్తం రాలిపోయిన నెలలో నేను అమ్మ దగ్గరికి వెళ్లాను. ఎనభై దాటిన మనిషి. నన్ను గుమ్మంలో చూసి ముఖం తిప్పుకుంది. ‘నేనుండగానే ఇదేం రూపురా నాయనా’ అంది. జబ్బని ఎంత చెప్పినా ఆ కళ్లు ఒప్పుకోలేదు. మూడు రోజులు నాకు అన్నం పెట్టింది కానీ నా వైపు చూడలేదు. నాలుగో రోజు పొద్దున నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి తెచ్చి, ‘కూర్చో’ అంది. నున్నటి తల మీద అరగంట మర్దనా చేసింది. నూనెతో జుట్టు మొలవదని నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. ఆ రోజు నుంచి నా ముఖం చూసి మాట్లాడుతోంది. నాకు అంతకన్నా మంచి వైద్యం జరగలేదు.

కంచం విషయమూ అంతే. సత్యనారాయణ వ్రతానికి వెళ్తే ప్రసాదం గోధుమ నూకతోనే. అన్నవరం ప్రసాదమూ అదే. వద్దంటే ఎదుటివారు నొచ్చుకుంటారు. నేను రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, పక్కనున్న పిల్లలకు పెడతాను. స్వామికి ఏ అభ్యంతరమూ ఉన్నట్టు లేదు. పెళ్లి భోజనాల్లో మాత్రం ‘కొంచెం తింటే ఏమవుతుందిరా’ అనేవాళ్లను తప్పించుకోవడం కష్టం. కొంచెం తిన్నా పేగులో దాడి మొదలవుతుంది. అది పట్టింపు కాదు, లెక్క.

చివరగా ఈ సభకు మూడు విన్నపాలు.

మొదటిది, ఇనుము మాత్రలు నెలల తరబడి వేసుకుంటున్నా రక్తం పెరగని వాళ్లు, వయసుకు తగ్గట్టు ఎత్తు పెరగని పిల్లలు, తరచూ కడుపు పాడై బరువు తగ్గేవాళ్లు మీ ఇంట్లో ఉంటే డాక్టరును సీలియాక్ గురించి అడగండి. దక్షిణాదిలో అరుదు కనుక మనవాళ్లకు త్వరగా తట్టదు. ఇప్పుడు షుగరు భయంతో హైదరాబాదులో ఇంటింటా రాత్రికి పుల్కాలే. ఆ 25 గ్రాముల లెక్క మన ఇళ్లలో ఎప్పుడో దాటిపోయి ఉంటుందని నా అంచనా. ఇంట్లో ఒకరికి ఉందని తేలితే తోబుట్టువులకూ పిల్లలకూ పరీక్ష చేయించండి. మా అబ్బాయికి చేయించాం, లేదు.

రెండోది, మన సంఘం ఏటా బడిలో కంటి పరీక్షల శిబిరం పెడుతోంది. దానితో పాటు హిమోగ్లోబిన్ కూడా చూడండి. తక్కువున్న పిల్లలకు మాత్రలిచ్చి వదిలేయకుండా మూడు నెలల తర్వాత మళ్లీ చూడండి. పెరగని వాళ్ల పేర్లు మన డాక్టర్ మిత్రులకు ఇవ్వండి. ఖర్చులో నా వంతు ఇప్పుడే రాసుకోండి.

మూడోది ఉపాధ్యాయులకు. తల మీద నున్నటి మచ్చలతో ఒక పిల్లో పిల్లవాడో తరగతికి వస్తే, ముందు డాక్టరుకు చూపించమని ఇంట్లో చెప్పండి. తామర అయితే అంటుకుంటుంది, మందుతో తగ్గుతుంది. పేనుకొరుకుడు అయితే ఎవరికీ అంటదు. అలాంటి బిడ్డను వెనక బెంచీకి పంపకండి, టోపీ తీయమని అనకండి, పేలు చూసుకోమని పదిమందిలో చెప్పకండి. యాభై ఏళ్లు దాటిన ఇంజనీరుకే ఊరి చూపులు బరువుగా ఉన్నాయి. పదేళ్ల బిడ్డకు ఎంత బరువో ఊహించండి. చాలామంది పిల్లలకు జుట్టు తిరిగి వస్తుంది. అది వచ్చేలోగా బడి మీద ఇష్టం పోకుండా చూడటం మన చేతిలో ఉన్న పని.

 భోజనాల దగ్గర అన్నం వరసలో గరిటెలు వేరుగా పెట్టించిన కార్యదర్శి గారికి ప్రత్యేకంగా నమస్కారం. సెలవు.